మళ్లీ అప్పు పుట్టేదాకా

ఐపీ పెట్టినవాడికి కోర్టులో కథ ముగిశాక, బ్యాంకు కంప్యూటర్లో ఇంకో కథ మొదలవుతుంది

2019లో కాలేజీలు తెరిచే రోజుల్లో, మా బాబాయి కూతురికి స్కూటీ కొందామని షోరూముకు వెళ్లాం. రంగు నచ్చింది. హెల్మెట్ ఊరికే ఇస్తామన్నారు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కూడా పిన్ని ముందే కొనిపెట్టింది. ఫైనాన్స్ బల్ల దగ్గరి కుర్రాడు బాబాయి పాన్ నంబరు కొట్టి, తెర వంక కాసేపు చూసి, గొంతు తగ్గించాడు. "అంకుల్, మీ పేరు మీద రాదు. అమ్మాయికి మేనమామ ఎవరైనా ఉన్నారా?"

బయటికొచ్చి చెప్పులేసుకుంటూ బాబాయి అన్నమాట ఇది: "ఎనిమిదేళ్లయిందిరా. కోర్టే వదిలేసింది నన్ను. ఈ మిషను వదలట్లేదు."

ఆయనది పల్నాడు వైపు ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. సరుకు అరువు మీద ఇవ్వడం, పంట చేతికొచ్చాక వసూలు చేసుకోవడం అక్కడి పద్ధతి. వరసగా రెండేళ్లు పంట దెబ్బతింది. రైతులు ఈయనకు ఇవ్వలేదు, ఈయన కంపెనీలకు ఇవ్వలేదు, మధ్యలో ప్రోనోట్ల మీద తెచ్చిన డబ్బుకు వడ్డీ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. 2011లో ఐపీ పెట్టాడు. ముప్పై మందికి పైగా కోర్టు నోటీసులు వెళ్లాయి. అందులో మా మేనత్త కూడా ఉంది.

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అని విప్పి చెప్పగలిగేవాళ్లు ఊళ్లో ప్లీడరు గుమాస్తాతో కలిపి నలుగురుంటారేమో. ఆ రెండక్షరాల అర్థం తెలియనివాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. అది చాలనట్టు ఇంకా ఉన్నాయి: బోర్డు తిప్పేశాడు, చేతులెత్తేశాడు, కుచ్చుటోపీ పెట్టాడు, దివాలా తీశాడు. పడిపోవడానికి ఇన్ని మాటలున్న భాషలో, పడ్డవాడు మళ్లీ లేస్తే దానికో మాట లేదు. "ఏదో సర్దుకున్నాడట" అంటారు, అదీ కొంచెం అనుమానంగా. సొంత సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్న నాగయ్య, సావిత్రి, కాంతారావుల కథలు మనం ఎన్నేళ్లుగానో చెప్పుకుంటున్నాం. అన్నీ పడిపోయిన చోటే ఆగుతాయి. లేచిన కథ కావాలంటే బొంబాయి దాకా వెళ్లాలి. ఏబీసీఎల్ మునిగాక అమితాబ్ బచ్చన్ 2000లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'తో తేరుకుని అప్పులు తీర్చాడు. ఎరువుల కొట్టువాడికి ఆ కుర్చీ ఎవరిస్తారు?

నూరేళ్లు దాటిన చట్టం

మన ఊళ్లలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో నడిచే ఐపీలు 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందివి. ఐపీ పెట్టాలంటే అప్పు కనీసం 500 రూపాయలు ఉండాలని ఆ చట్టం అంటుంది. ఆ రోజుల్లో ఐదు వందలంటే పొలం మాట. ఇప్పుడు గ్యాస్ బండ కూడా రాదు. పిటిషన్ వేసి, అప్పుల జాబితా, ఆస్తుల జాబితా ఇవ్వాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి అఫీషియల్ రిసీవర్ చేతికి పోతుంది. రిసీవర్ దాన్ని అమ్మి, వచ్చింది అప్పులవాళ్లకు దామాషాలో పంచుతాడు. ఐపీకి ముందు రెండేళ్లలో బామ్మర్ది పేర రాసిన ఇల్లూ, భార్యకిచ్చిన పొలమూ కోర్టు వెనక్కి లాగవచ్చు. ఇక తనఖా పెట్టుకున్న బ్యాంకుకు ఈ గొడవతో పని లేదు. దాని దారి వేరు, తాళం వేరు.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. దివాలాదారుగా ప్రకటించేటప్పుడే, ఫలానా గడువులోగా డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విముక్తి, కోసం దరఖాస్తు పెట్టుకోవాలని కోర్టు చెబుతుంది. పెట్టుకోకపోతే 43వ సెక్షను ప్రకారం ఆ ప్రకటనే రద్దవుతుంది. అప్పులవాళ్లు మళ్లీ దావాలు వేసుకోవచ్చు. వాళ్ల కాలపరిమితి లెక్కలో ఈ మధ్య గడిచిన రోజులు తీసేస్తారు కూడా. అంటే ఐపీ పెట్టి ఊపిరి పీల్చుకున్నవాడు నాలుగేళ్ల తర్వాత చూసుకుంటే బయల్దేరిన చోటే ఉంటాడు. ప్లీడర్లు ఈ సంగతి చెప్పరని అనను. ఫీజు మొత్తం మొదట్లోనే తీసుకున్న ప్లీడరుకు గుర్తుండదు, అంతే. బాబాయికి చెప్పింది కోర్టు వరండాలో టీ తాగుతున్న ఒక ముసలి గుమాస్తా. "డిశ్చార్జి అడిగారా? అడక్కపోతే మళ్లీ మొదటికొస్తుంది బాబూ." ఆ టీ ఖర్చుతో బాబాయి 2013లో బయటపడ్డాడు.

డిశ్చార్జి అయ్యేదాకా ఎమ్మెల్యేగానో ఎంపీగానో పోటీ చేసే అర్హత ఉండదని రాజ్యాంగం 191, 102 అధికరణాలు చెబుతాయి. ఆ లోటు మా ఇంట్లో ఎవరికీ పెద్దగా తెలియలేదు. డిశ్చార్జి అయిన తర్వాత కూడా ప్రభుత్వ బకాయిలు, మోసం చేసి తెచ్చిన బాకీలు పోవు. తతిమ్మా అప్పులు చట్టం దృష్టిలో తీరినట్టే.

అన్నట్టు, ఈ 1920 చట్టానికి బదులుగా పార్లమెంటు 2016లో కొత్త దివాలా స్మృతి తెచ్చింది. అందులో మామూలు మనుషుల కోసం ఒక భాగం ఉంది. మరీ పేదవాళ్లకు 'ఫ్రెష్ స్టార్ట్' అనే అధ్యాయమూ ఉంది: ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 మించకుండా, సొంత ఇల్లు లేనివాళ్లకు. ఆ భాగంలో కంపెనీలకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు సంబంధించిన ముక్క మాత్రం 2019 డిసెంబరు 1 నుంచి నడుస్తోంది. మిగతాది కాగితం మీదే ఉంది. కోట్ల అప్పుకు సంతకం పెట్టినవాడికి కొత్త చట్టం, 35,000 అప్పున్నవాడికి తెల్లవాడి చట్టం. ఇంతకన్నా దీనిమీద వ్యాఖ్య అక్కర్లేదు.

రెండు చిట్టాలు

పరపతి అనే మాట చూడండి. పలుకుబడికీ అదే, అప్పుకీ అదే. ఊళ్లో సహకార సంఘం బోర్డు మీద 'పరపతి సంఘం' అనే రాసి ఉంటుంది. ఒకప్పుడు ఈ రెండూ ఒకటే. కోమటి కొట్టులో మనిషి ముఖం చూసి అప్పు రాసేవారు. ఇప్పుడు చిట్టాలు రెండయ్యాయి. ఒకటి బజారు జ్ఞాపకం. రెండోది ముంబయిలో ఎక్కడో కంప్యూటర్లో ఉంటుంది.

ఆ రెండోదాన్ని మనం సిబిల్ అంటాం. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, స్కోరంతా సిబిల్ అయింది. నిజానికి నాలుగు క్రెడిట్ బ్యూరోలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి చట్టం కింద, రిజర్వు బ్యాంకు అజమాయిషీలో నడుస్తాయి. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఈ సంస్థలు ఎవరికీ అప్పివ్వవు, ఎవరి అప్పూ ఆపవు. బ్యాంకులు పంపింది రాసి పెట్టుకుని, అడిగిన బ్యాంకుకు చూపిస్తాయి. తలుపు వేసేది బ్యాంకే.

ఇందులో ఐపీ పెట్టినవాడు తెలుసుకోవాల్సినది ఒకటుంది. కోర్టు ఇచ్చిన డిశ్చార్జి ఉత్తర్వు దానంతటది బ్యూరోకు చేరదు. బ్యూరోకు కోర్టు తెలియదు, బ్యాంకు ఒక్కటే తెలుసు. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అప్పు జాబితాలో ఉన్న ప్రతి బ్యాంకుకూ, ఫైనాన్స్ సంస్థకూ ఇచ్చి, ఖాతా వివరం సవరించి పంపమని రాతపూర్వకంగా అడగాలి. అడగకపోతే అక్కడ బాకీ బాకీలాగే ఉంటుంది. బాబాయి ఆ ఉత్తర్వును ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద ఆరేళ్లు భద్రంగా దాచాడు.

షోరూము నుంచి వచ్చిన రాత్రి ఇద్దరం కూర్చుని రిపోర్టు తీశాం. నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 2017 నుంచే ఉంది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఈ భయంతోనే చాలామంది చూడరు. తెరిస్తే మూడు మచ్చలు కనిపించాయి.

మొదటిది కొట్టు మీద తీసుకున్న క్యాష్ క్రెడిట్ ఖాతా. ఇల్లు తనఖా. 2014లో వన్‌టైమ్ సెటిల్‌మెంటు కింద ఇల్లమ్మి కట్టారు. బ్యాంకు మూడు లక్షల చిల్లర వదులుకుంది. రిపోర్టులో 'సెటిల్డ్' అని ఉంది. బాబాయి ముఖం వెలిగింది. "చూశావా, సెటిలైందనే ఉంది!" ఆ మాట మన వాడుకలో శుభం. పెళ్లి సెటిలైంది, కొడుకు సెటిలయ్యాడు. బ్యాంకు భాషలో మాత్రం పూర్తిగా కట్టలేదు, రాజీపడ్డాం అని అర్థం. పూర్తిగా కడితే 'క్లోజ్‌డ్' అని ఉంటుంది.

రెండోది క్రెడిట్ కార్డు. ఐపీ జాబితాలో చేర్చడం మర్చిపోయిన చిన్న బాకీ. 'రిటన్ ఆఫ్' అని ఉంది. "మాఫీ చేశారన్నమాట" అన్నాడు. ఎన్నికల పుణ్యమా అని రుణమాఫీ అనే మాట మన రెండు రాష్ట్రాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రైట్ ఆఫ్‌ను కూడా జనం అదే అనుకుంటారు. కానే కాదు. బ్యాంకు తన పద్దుల్లోంచి తీసి పక్కన పెట్టింది, అంతే. బాకీ బతికే ఉంటుంది, వసూలూ చేస్తారు. రిపోర్టులో ఇంతకన్నా నల్లటి మాట బహుశా లేదు.

మూడోది ఆయన తీసుకోని అప్పు. కొట్టుకొచ్చే ఒక రైతు ట్రాక్టరు లోనుకు హామీ సంతకం పెట్టాడు. ఆ రైతు 2016లోనే మొత్తం కట్టేసి కాగితం కూడా తెచ్చుకున్నాడు. రిపోర్టులో మాత్రం ఇంకా బాకీ ఉన్నట్టే ఉంది. హామీదారుడి రిపోర్టులోనూ ఆ అప్పు కనబడుతుందని సంతకం పెట్టించుకునేటప్పుడు ఎవరూ చెప్పరు.

మూడేళ్ల గళ్ల కాగితం

రిపోర్టులో ప్రతి ఖాతా కింద నెలకో గడి చొప్పున ఒక పట్టిక ఉంటుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో అందులో రాస్తారు. సకాలంలో కడితే మూడు సున్నాలు. సిబిల్ రిపోర్టులో ఈ గళ్లు 36 నెలలకు కనిపిస్తాయి. నా దృష్టిలో లేచే దారి మొత్తం ఈ పట్టికలోనే ఉంది. పాత మచ్చను చెరపలేం. దాని పక్కన కొత్త సున్నాలు పేర్చుకుంటూ పోవాలి.

ఏడేళ్లకు అన్నీ వాటంతటవే పోతాయని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. నిబంధన చెప్పేది వేరు: సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలి. కనీసం అన్నమాటను జనం గరిష్ఠం చేసుకున్నారు. ముగించని బాకీ ఏడేళ్లు కాగానే మాయమవుతుందని కూర్చుంటే కుదరదు. అమెరికాలో మనవాళ్లు చెప్పేది విని ఇక్కడ అన్వయించుకోవద్దు. అక్కడ చాప్టర్ 7 దివాలా పదేళ్ల దాకా రిపోర్టులో ఉండొచ్చని చట్టంలో పై హద్దు ఉంది.

మేం ముందు తప్పుడు ఎంట్రీ పని పట్టాం. ట్రాక్టరు లోను నో డ్యూ కాగితం జతచేసి బ్యూరోకు, బ్యాంకుకు ఫిర్యాదు పెడితే సరిచేయడానికి నెలలు పట్టింది. ఇప్పుడైతే అంత తిరగక్కర్లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అది 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికీ వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోల మీద ఫిర్యాదులూ తీసుకుంటున్నారు. మన తెలుగువాళ్లకు ఇంకో తంటా: ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. అదే పేరున్న ఇంకొకరి బాకీ మన నెత్తిన పడే ప్రమాదం ఉంది. పాన్, పుట్టిన తేదీ సరిచూసుకోవడం మొదటి పని.

తర్వాత కార్డు బాకీ. ఆ బ్యాంకు దాన్ని ఎప్పుడో వసూలు సంస్థకు అమ్మేసింది. వాళ్లు సగం కట్టండి చాలు అన్నారు. ఆశ పడితే మళ్లీ 'సెటిల్డ్' అనే మచ్చే. మొత్తం కట్టి, నో డ్యూ సర్టిఫికెట్ చేతిలో పడ్డాకే ఇంటికొచ్చాం. క్యాష్ క్రెడిట్ ఖాతాను మాత్రం ఏమీ చేయలేకపోయాం. వదిలేసిన మూడు లక్షలు ఇప్పుడు కట్టే స్తోమత ఆయనకు లేదు. ఆ 'సెటిల్డ్' ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక కొత్త సున్నాలు కావాలి. అప్పు పుట్టనివాడికి అప్పు చరిత్ర ఎలా పుడుతుంది? నెలనెలా చిట్టీ పాతికేళ్లు తప్పకుండా కట్టినా, ఇంటద్దె ఒకటో తారీఖునే ఇచ్చినా సాధారణంగా అది స్కోరులోకి రాదు. అందుకని బ్యాంకులో 25,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాం. డిపాజిట్ హామీగా ఉంటుంది కాబట్టి బ్యాంకు పెద్దగా స్కోరు చూడదు. ఆయనకు అది అవమానంగా తోచింది. "నా డబ్బు నాకే అప్పిస్తాడా వీడు?" అన్నాడు. నిజమే, అంతే. నెలకు నాలుగైదు వేలకు మించకుండా కరెంటు బిల్లూ, మందులూ దాని మీద కట్టి, గడువుకు వారం ముందే మొత్తం కట్టేయడం నేర్చుకున్నాడు. 'మినిమం డ్యూ' అనే గడి వంక చూడొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ మామూలు. మన లెక్కలో నూటికి మూడున్నర వడ్డీ. ఊళ్లో ఎవరైనా అంత అడిగితే పీక్కుతింటున్నాడంటాం. కార్డు మీద అయితే ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి కట్టేస్తాం.

పిన్ని గాజుల మీద ఒక చిన్న బంగారం లోను కూడా తీసి, గడువులో తీర్చారు. అదీ రిపోర్టుకెక్కింది.

మధ్యలో ఒక తప్పు చేశాడాయన. కార్డు వచ్చిన ఉత్సాహంలో ఒకే వారంలో నాలుగు చోట్ల లోనుకు దరఖాస్తు పెట్టాడు. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. వీడు డబ్బుకు కటకటలాడుతున్నాడని చదువుకుంటారు. స్కోరు పెరగాల్సింది పోయి తగ్గింది. ఫోను చేసి "సిబిల్ క్లియర్ చేస్తాం, పదివేలు కట్టండి" అన్న ఒక పెద్దమనిషికి మూడువేలు అడ్వాన్సు కూడా ఇచ్చాడట. నాకు ఏడాది తర్వాత చెప్పాడు. రిపోర్టులో నిజం ఉన్నది ఉన్నట్టు ఉంటే దాన్ని ఎవరూ చెరపలేరు. తప్పుంటే మనమే పైసా ఖర్చు లేకుండా సరిచేయించుకోవచ్చు. మధ్యలో వీళ్లెందుకు?

ప్రోనోట్లు

బజారు చిట్టా సంగతి చెప్పాలి. చట్టం ప్రకారం 2013తో ఆయన ప్రోనోటు బాకీలు తీరిపోయాయి. ఎవరూ అడగడానికి లేదు. బాబాయి వేరేవాళ్ల కొట్టులో గుమాస్తాగా చేరి, మొదటి నెల జీతంలోంచి ఐదు వందలు తీసుకెళ్లి కూరగాయలమ్మే ఒక ముసలామెకు ఇచ్చాడు. ఆమెకు ఆయన బాకీ ఎనిమిది వేలు. పెద్ద బాకీలు ఉండగా ఇదేమిటని అడిగితే, "వాళ్లకు నేను కాకపోతే ఇంకో పదిమంది ఉన్నారు" అన్నాడు. అలా అందరికీ కట్టలేదు. వడ్డీ ఎవరికీ కట్టలేదు. మా మేనత్తకు అసలు కూడా పూర్తిగా రాలేదు. ఆమె ఇప్పటికీ ఆయనతో పండగ రోజున తప్ప మాట్లాడదు. ఆమె కోపం న్యాయమే. ఐపీ కథల్లో అప్పిచ్చినవాళ్లను మనం మర్చిపోతాం. అందరూ వడ్డీ వ్యాపారులు కారు. కూతురి పెళ్లికి దాచుకున్న డబ్బు నమ్మి ఇచ్చినవాళ్లే సగం మంది.

బ్యూరో కంప్యూటరుకు ఆ ముసలామె తెలియదు. నెలనెలా ఆయన ఆమె బండి దగ్గర ఆగి ఇచ్చిన ఐదు వందలకు ఏ గడిలోనూ సున్నాలు పడలేదు. అయినా ఊళ్లో అరువు మీద బియ్యం బస్తా మళ్లీ ఇచ్చింది ఆ డబ్బు చూసే. స్కోరు లేచింది చాలా ఆలస్యంగా. నన్నడిగితే ఐపీ పెట్టినవాళ్లు రెండు చిట్టాలూ విడివిడిగా రాసుకోవాలి. బజారులో కట్టినదానికి బ్యాంకులో, బ్యాంకులో కట్టినదానికి బజారులో విలువ రాదు.

2023 చివర్లో స్కోరు ఏడు వందలు దాటింది. ఆ స్క్రీన్‌షాట్ ఆయన ఫోన్లో మనవడి ఫొటో పక్కనే ఉంటుంది. మరుసటి ఏడాది సొంతంగా ఎరువులు పొలాల దాకా తోలిపెట్టడానికి ట్రాలీ ఆటోకు లోను అడిగాడు. పాత బ్యాంకు కాదంది. ఇంకో బ్యాంకు ఆ 'సెటిల్డ్' గురించి రెండుసార్లు పిలిచి అడిగి, డిశ్చార్జి ఉత్తర్వు చూసి, డౌన్ పేమెంటు కాస్త ఎక్కువ కట్టించుకుని ఇచ్చింది. వడ్డీ మిగతావాళ్ల కన్నా ఒకటిన్నర శాతం ఎక్కువ. వాయిదాలు 36. పందొమ్మిది కట్టాడు.